అల్లికలో మొదటి వరుస, చివరి కొస



ఉద్యోగ విరమణ చేసినవారు, పిల్లలు దూరదేశాలలో స్థిరపడగా ఇంట్లో ఒంటరిగా మిగిలినవారు కొందరు ఊలు అల్లిక నేర్చుకోవాలని ఉత్సాహపడుతున్నారు. "డాక్టరుగారూ, ఈ వయసులో సూదులు పట్టవచ్చా? మతిమరుపు రాకుండా ఉంటుందటగా?" అని నన్ను అడుగుతుంటారు. నిరభ్యంతరంగా పట్టవచ్చు. మతిమరుపు వ్యాధిని అల్లిక ఆపుతుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. చేతులకు పని, మనసుకు ఏకాగ్రత, సాయంత్రాలకు ఒక వ్యాపకం లభిస్తాయి. అంతవరకు నిశ్చయంగా చెప్పగలను.

అయితే ఇలా నేర్చుకునేవారిలో అధికులు మొట్టమొదట అల్లదలచేది మనవడికో మనవరాలికో టోపీ, మేజోళ్లు. అందుకే ఒక వైద్యునిగా నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను. డిజైన్ల జోలికి పోకముందే, పనిని సక్రమంగా మొదలుపెట్టడమూ సక్రమంగా ముగించడమూ నేర్చుకోండి. పసిబిడ్డ ఒంటిమీదికి వెళ్లే వస్తువు విషయంలో ఈ రెండూ బిడ్డ క్షేమానికి సంబంధించినవి.

మనకు అల్లిక అనగానే నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల లేసు గుర్తుకు వస్తుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఆ పని గోదావరి డెల్టాలో వేలాది స్త్రీలకు జీవనాధారమైంది. అది కొక్కెం ఉన్న ఒకే సూదితో చేసే క్రోషా పని. అందులో సాధారణంగా సూది మీద తెరిచి ఉండే ఉచ్చు ఒక్కటే, తక్కినవన్నీ అప్పటికే ముడిపడి ఉంటాయి. రెండు సూదుల స్వెట్టరు అల్లిక తీరు వేరు. అరవై కుట్లతో మొదలుపెడితే ఆ అరవై ఉచ్చులూ చివరిదాకా సూది మీద తెరిచే ఉంటాయి. సూది లాగేస్తే ఒక్కొక్కటే విడిపోయి కిందికి జారిపోతాయి. కాబట్టి క్రోషాలో చేయి తిరిగిన అమ్మమ్మలు సైతం ఈ పనిని ముగించే విధానం ప్రత్యేకంగా నేర్చుకోవలసినదే.

మొదలు సంగతి చూద్దాం. దారపు ఉండ నుంచి కొంత పొడవు వదిలి, జారుముడి వేసి సూదికి తొడుగుతారు. వదిలిన కొసను బొటనవేలికి, ఉండ వైపు దారాన్ని చూపుడువేలికి చుట్టుకొని, ఒక్కొక్క ఉచ్చే సూదికి ఎక్కిస్తారు. అల్లబోయే వెడల్పుకు మూడు రెట్లకు పైగా కొస వదలడం మంచిది. లేకుంటే యాభయ్యో కుట్టు దగ్గర దారం చాలక అంతా విప్పవలసి వస్తుంది. ఎన్ని కుట్లు ఎక్కించాలో ఊహతో నిర్ణయించకండి. ముందుగా ఒక చదరపు ముక్క అల్లి కొలవండి. 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వచ్చాయనుకుందాం. నెలలు నిండి పుట్టిన శిశువు తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 35 సెంటీమీటర్లు. టోపీ కొద్దిగా సాగి తలను పట్టుకోవాలి గనుక 30 సెంటీమీటర్లకు లెక్క వేస్తే 60 కుట్లు సరిపోతాయి.

కొత్తగా నేర్చుకునేవారు కుట్టు జారిపోతుందేమోనన్న భయంతో దారాన్ని బిగించి లాగుతారు. దానితో రెండు నష్టాలు. అల్లేవారికి బొటనవేలి మొదట్లో, మణికట్టులో నొప్పి పుడుతుంది. అరిగిన కీళ్లు ఉన్నవారికి మరీను. అరగంటకొకసారి సూదులు పక్కన పెట్టి వేళ్లు చాపుకోవాలి. రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే అల్లిక ఆపి వైద్యుని సంప్రదించాలి. రెండో నష్టం బిడ్డకు. బిగిసిన మొదటి వరుస సాగదు. పై భాగమంతా మెత్తగా సాగుతున్నా అంచు మాత్రం పట్టీలా నొక్కి నుదుటి మీద ఎర్రని గీత వేస్తుంది. దీనికి తేలికైన ఉపాయం ఉంది. రెండు సూదులను కలిపి పట్టుకొని వాటి మీద కుట్లు ఎక్కించి, తరువాత ఒక సూదిని లాగేయండి. అంచు తనంతట తానే వదులవుతుంది.

అసలు శిశువుకు టోపీ ఎందుకు? పెద్దవారితో పోల్చితే నవజాత శిశువు శరీరంలో తల వాటా చాలా ఎక్కువ. తడి తల నుంచి వేడి త్వరగా పోతుంది. 2,500 గ్రాముల కన్న తక్కువ బరువుతో పుట్టినవారికి చర్మం కింద కొవ్వు కూడా తక్కువ. చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకు తగ్గితే శిశువుకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఆరంభమై నేడు మన ఆసుపత్రులలోనూ అనుసరిస్తున్న కంగారూ పద్ధతిలో, తల్లి గుండెల మీద ఆనించిన బిడ్డ తలకు తప్పనిసరిగా టోపీ తొడుగుతారు. కొద్దిపాటి దారంతో తయారయ్యే వస్తువే అయినా అక్కడ దాని విలువ మందుకు తీసిపోదు.

ఇక ముగింపు. రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి సూది నుంచి దించాలి. మరొక కుట్టు అల్లి, మళ్లీ దాటించాలి. అలా వరుసంతా చేసుకుంటూ పోతే చివరికి ఒక్క ఉచ్చు మిగులుతుంది. సుమారు 15 సెంటీమీటర్ల దారం ఉంచి కత్తిరించి, ఆ కొసను ఉచ్చులోంచి లాగితే ముడి పడుతుంది. టోపీ శిఖరం దగ్గరైతే మిగిలిన కుట్లన్నిటి గుండా కొసను రెండుమార్లు పోనిచ్చి దగ్గరకు లాగాలి. చాలామంది ఇక్కడితో పని పూర్తయిందనుకొని, వేలాడే కొసను మొదలంటా కత్తిరించేస్తారు. నాలుగు ఉతుకులకు ఆ ముడి వదులై దారం లోపలివైపు తేలుతుంది. మొద్దు మొన ఉన్న సూదితో ఆ కొసను కుట్ల మధ్య ఒకవైపు కొంత దూరం, తిరిగి ఎదురువైపు కొంత దూరం నడిపించి, తరువాతనే కత్తిరించాలి.

బిడ్డ పుట్టకముందే బట్టలు సిద్ధం చేయకూడదనే పట్టింపు మన ఇళ్లలో ఇంకా ఉంది. దాన్ని నేను ఆక్షేపించబోవడం లేదు. కాని దాని ఫలితంగా అమ్మమ్మలు, నాయనమ్మలు ప్రసవమయ్యాక మొదలుపెట్టి బారసాల నాటికి పూర్తిచేయాలని తొందరపడతారు. ఆ తొందరకు ముందుగా బలయ్యేది ఈ కొసలు దాచే పనే.

దాని పర్యవసానం నా సర్వీసులో చూశాను. రెండు నెలల పసివాడు రాత్రంతా ఏడుస్తున్నాడని తల్లి తీసుకువచ్చింది. కడుపునొప్పి అనుకొని ఇంట్లో వాము నీళ్లు కూడా పట్టారు. మేజోడు విప్పి చూస్తే కాలి రెండో వేలు ఎర్రగా ఉబ్బి ఉంది. మేజోడు లోపలి నుంచి ఊడిన సన్నని పోగు వేలి చుట్టూ పెనవేసుకొని, వాపులో కనిపించకుండా దిగబడిపోయింది. భూతద్దం పెట్టి తీయవలసి వచ్చింది. సకాలంలో వచ్చారు గనుక వేలు దక్కింది. తల్లి తలవెంట్రుక వల్ల కూడా ఇలాగే జరుగుతుంది. ముందు రక్తం వెనక్కి మళ్లడం ఆగి వేలు వాస్తుంది, ఆ వాపుతో దారం మరింత బిగిసి లోనికి వచ్చే రక్తమూ ఆగుతుంది. గంటలు గడిచేకొద్దీ వేలు కోల్పోయే ప్రమాదం పెరుగుతుంది. కారణం తెలియకుండా పసిబిడ్డ అదేపనిగా ఏడుస్తుంటే చేతివేళ్లు, కాలివేళ్లు అన్నీ విడదీసి చూడండి. దారం పైకి కనిపించి సులువుగా వచ్చేస్తే తీసేయండి. లేకపోతే ఇంట్లో కత్తెరతో ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ కారణం చేతనే పసిబిడ్డల చేతులకు అల్లిన తొడుగులంటే నాకు ఇష్టం లేదు. గోళ్లతో ముఖం గీరుకుంటాడని కదా వాటిని తొడిగేది? నిద్రలో ఉన్నప్పుడు గోళ్లు కత్తిరిస్తే సరిపోతుంది. "మా కాలంలో అందరికీ తొడిగాం, ఏమైంది?" అని పెద్దలు అంటారు. నూటికి తొంభైతొమ్మిది మందికి ఏమీ కాకపోవచ్చు. ఏ ప్రయోజనమూ లేని వస్తువు కోసం ఆ మిగిలిన ఒక్కరి వేలిని పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు. రిబ్బన్లు, గుండీలు, ఊలు కుచ్చులు కూడా వద్దు.

టోపీ విషయంలోనూ సమయాసమయాలు ఉన్నాయి. ఆదిలాబాదు, లంబసింగి, అరకు చలికాలాలు వేరు, రెంటచింతల ఎండలు వేరు. వేసవిలో ఉక్కపోసే గదిలో బిడ్డకు ఊలు టోపీ పెట్టి, ఒళ్లు కాలుతోందని జ్వరం మందు అడిగేవారిని ఎందరినో చూశాను. మన వాతావరణానికి మెత్తని నూలు దారమే మేలు. అమెరికాలో కూతురి పురుడు పోయడానికి వెళ్లే అమ్మలకు మరొక మాట. ఇంటికి వచ్చిన తరువాత గదిలో నిద్రపుచ్చేటప్పుడు టోపీ వద్దని అక్కడి పిల్లల వైద్యులు చెబుతారు. వేడి ఎక్కువవుతుందని, టోపీ ముఖం మీదికి జారుతుందని వారి భయం. అది సహేతుకమైనదే. మీ అల్లికను చిన్నబుచ్చారని భావించకండి. చలిలో బయటికి తీసుకువెళ్లేటప్పుడు తొడగండి.

జిల్లా ఆసుపత్రులలోని నవజాత శిశు వార్డులకు టోపీలు అల్లి ఇవ్వాలనుకునేవారు ముందుగా అక్కడి నర్సమ్మను అడిగి ఏ కొలతలు కావాలో తెలుసుకోండి. నెలలు నిండనివారి తలలు చాలా చిన్నవి, 60 కుట్ల టోపీ వారికి కళ్ల మీదికి జారుతుంది. ఉతికి ఆరబెట్టిన తరువాత ప్రతి టోపీనీ లోపలివైపుకు తిప్పి, వేలి కొసతో అంతటా తడిమి చూడండి. వేలికి ఏదైనా పోగు తగిలితే మొద్దు సూది తీసుకొని మళ్లీ దాచండి.