చౌడు నేలకూ కులం ఉంది

సర్కారు మనకు భూమి ఇచ్చిందని లెక్కల్లో ఉంది. ఏ భూమి ఇచ్చింది? చెరువు కింద మడి ఇచ్చిందా? గెడ్డ నీరందే పల్లం ఇచ్చిందా? బంజరు, గుట్ట, ఉప్పుటేరు పక్కన తెల్లగా పూసిన చౌడు. ఎవరూ వద్దన్నవి మన పేరున డి-పట్టాలయ్యాయి. ఆ తరవాత "మీరు సాగు చెయ్యడం లేదు, వెనక్కి తీసుకుంటాం" అన్నారు. ఉప్పు తిన్న నేలలో వరి ఎందుకు రాదో, ఎలా వస్తుందో మాత్రం చెప్పలేదు.

అందుకే ఈసారి ఉప్పు గురించి మాట్లాడుకుందాం. పంతుళ్ళం గనక పాఠం చెబుతున్నామనుకోవద్దు. మా తాతలు నడుములు వంచింది ఈ మడుల్లోనే.

మట్టిలో ఉప్పు ఎక్కువైతే, తడి ఉన్నా వేరు దాన్ని లాక్కోలేదు. ఊరి బావిలో నీళ్ళుండీ మన కడవ ముంచనివ్వనట్టే. ఈ ఉప్పు ఎక్కణ్ణించి వస్తుంది? సముద్రపు పోటు ఉప్పుటేరుల గుండా పైకి ఎక్కుతుంది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ లాంటి తుఫానుకి గట్లు తెగితే మడుల్లోకి ఉప్పునీరే. ఎండాకాలం అడుగున ఉన్న ఉప్పు తడితోపాటు పైకి పాకి పెచ్చు కడుతుంది. తీరంలో బోర్లు అదేపనిగా తోడితే మంచినీరు దిగిపోయి సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది.

చౌడు రెండు రకాలు. తెల్లగా పూసేది పాల చౌడు. తడిస్తే జిగట, ఎండితే రాయిలా అయ్యేది కారు చౌడు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. కాబట్టి ముందు మట్టి పరీక్ష. ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం పాలు ఎక్కువుంటే అది కారు చౌడు. దానికి జిప్సం వెయ్యాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తరుముతుంది, నీళ్ళు కట్టి తీసేస్తే అది కొట్టుకుపోతుంది. పాల చౌడుకి జిప్సం దండగ. గట్టు వేసి వాననీరు నిలబెట్టి, కాలవ తీసి కడగాలి. కాలవ లేకపోతే ఎన్ని మందులేసినా ఉప్పు మళ్ళీ వస్తుంది.

ఆ తరవాత పచ్చిరొట్ట, గెత్తం. తొలకరికి ఎకరాకు 10, 12 కిలోల జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకు, సుమారు 45 రోజులకు, దమ్ములో తొక్కెయ్యాలి. జీలుగ ఉప్పును ఓర్చుకుంటుంది, గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. కుళ్ళేటప్పుడు పుట్టే ఆమ్లాలు నేలలోని సున్నాన్ని కరిగిస్తాయి. మట్టి గుల్లబారి నీరు కిందికి దిగుతుంది. ఊడుపులకి ముదురు నారు తీసుకుని కుదురుకి ఐదారు మొక్కలు పెట్టాలి. అజోస్పైరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా పొడులు ఎకరాకు చెరో రెండు కిలోలు, వంద కిలోల చివికిన గెత్తంలో కలిపి చల్లపొద్దు వేళ చల్లాలి. రసాయన ఎరువుతో కలపకూడదు. కంటికి కనపడని ఈ జీవులు వేరు చుట్టూ చేరి మొక్కకు తిండి అందిస్తాయి. ఉప్పును మాయం చెయ్యవు, ఉప్పులో నిలబడ్డానికి తోడుంటాయి. సీసాల్లో అద్భుతాలు అమ్మేవాణ్ణి నమ్మొద్దు. ఇది ఒక్క పంటతో తేలే పని కాదు.

ఇదంతా సర్కారుకి తెలుసు. అనకాపల్లిలో పరిశోధనా కేంద్రం 1913 నుంచీ ఉంది. కర్నాల్‌లో చౌడు నేలల కోసమే కేంద్ర సంస్థ 1969 నుంచీ ఉంది. ఆ విద్య మన పేట గుమ్మం ఎందుకు తొక్కలేదు? గెత్తం వెయ్యమంటారు. పశువు లేనివాడికి గెత్తం ఎక్కడిది? పెద్దరైతు గోతిలో పెంట ఎత్తేది మన ఆడవాళ్ళు, అది పడేది ఆయన మడిలో.

ఇంకో భయం కూడా ఉంది. బాగుచేసుకున్నాక లాక్కుంటే? ఆ భయం ఉత్తది కాదు. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్ళు వదిలినవాళ్ళలో ఆర్-కార్డు పట్టుకుని నేటికీ ఉద్యోగానికి ఎదురుచూసేవాళ్ళున్నారు. 2020లో విశాఖ చుట్టూ ఆరువేల ఎకరాలకు పైగా అసైన్డ్, ఆక్రమణ భూముల సమీకరణకు ఉత్తర్వు వచ్చింది. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో భూమి తగాదాలోనే ఐదుగురు దళితుల్ని చంపారు. అయినా ఒక్క మాట. బీడుని 'నిరుపయోగం' అని రాసుకోవడం తేలిక. పచ్చగా ఉన్న మడిని అలా రాయడం కష్టం.

మేము అడిగేది ఇదీ: పేటపేటకీ వచ్చి మట్టి పరీక్ష చెయ్యాలి. జిప్సం, జీలుగ విత్తనం, జీవన ఎరువులు డి-పట్టాదారులకీ, కాగితం లేని కౌలుదారులకీ ఇవ్వాలి. మురుగు కాలవలు సర్కారు ఖర్చుతో తియ్యాలి. బాగుచేసుకున్న భూమి జోలికి రాకూడదు.

సర్కారు కదిలేదాకా కూర్చోవద్దు. తొలకరికి ముందే మీ మడిలో నాలుగైదు చోట్ల మట్టి తీసి పరీక్షకు ఇవ్వండి. ఆ కాగితాన్ని పట్టా పక్కనే దాచండి. రేపు ఏ ఆఫీసరో వచ్చి "ఈ నేల ఎందుకూ పనికిరాదు" అంటే, చూపించడానికి మన చేతిలో రెండు కాగితాలుంటాయి. వెనకాల పంట ఉంటుంది.