సంకరమను నింద

క్రొత్తపాట యేదైన చెవిని బడగానే "ఇది సంకరము" అని పెదవి విరుచు రసికులు మనలో పెక్కుమంది కలరు. రెగ్గే, పంకు అను రెండు సంగీతరీతులను ఒక్కచోట చేర్చిన బాడ్ బ్రెయిన్స్ బృందమువారి తొలి సంపుటమును మేము ప్రశంసింపగా, విద్యాధికుడగు మిత్రుడొకడు ఈ మాటయే యనెను. ఇది సంగీతమును గూర్చిన మాట కాదనియు, మనుష్యులను గూర్చిన మాట యనియు మా యభిప్రాయము. కావున ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

1970వ దశకపు చివర అమెరికాలోని వాషింగ్టను నగరమున నలువురు నల్లజాతి యువకులు ఈ బృందముగా నేర్పడిరి. రాకు సంగీతము తెల్లవారి సొత్తను భ్రమ బలముగా నున్న కాలమది. వీరు తొలుత జాజును సాధనచేసి, పిదప పంకునకు మరలిరి. బాబ్ మార్లే గానము వీరిని రెగ్గే వైపునకును, రాస్తఫారీ మతము వైపునకును త్రిప్పెను. 1982లో వీరి తొలి సంపుటమును న్యూయార్కులోని రోయిర్ అను చిన్న స్వతంత్రసంస్థ కేవలము క్యాసెట్టుగా వెలువరించెను. అందు పదునైదు పాటలు. పెక్కులు రెండు నిమిషములకు అటునిటుగా ముగియు పిడుగులు. వాని నడుమ మూడు రెగ్గే పాటలు. అందొకటి ఆరు నిమిషములకు పైగా తాపీగా నడచును. వేగముచే నూపిరాడని చెవికి మంద్రస్వరపు గిటారును, దెబ్బకు దెబ్బకు నడుమ విడిచిన మౌనమును విశ్రాంతి నొసగును. పంకు కోపమును చెప్పును. రెగ్గే ఓర్పును చెప్పును. అణచబడినవానికి రెండును కావలసినవే గదా!

ఇక శుద్ధి మాట. రెగ్గే శుద్ధమా? జమైకా ప్రజల మెంటోపాటలతో, 1950వ దశకమున అమెరికా రేడియోలనుండి వినవచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ కలిసి స్కా పుట్టెను. 1966 ప్రాంతమున అది నడక తగ్గి రాక్‌స్టెడీ యయ్యెను. 1968 నాటికి రెగ్గే యయ్యెను. పోనీ, రాకు శుద్ధమా? నల్లవారి బ్లూసునకు తెల్లవారి పల్లెపాట తోడై పుట్టినదే యది. పంకు దాని బిడ్డ. గోత్రము వెదకబోయినవారికి అడుగడుగున సంకరమే కనబడును. మన యింటి సంగతి యేమి? వయొలిను ఐరోపానుండి వచ్చినది. బాలుస్వామి దీక్షితులు దానిని చేపట్టిన పిదప క్రమముగా అది కర్ణాటక కచేరికి ప్రాణమయ్యెను. ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమానునుండి వెలువడిన రాగమును సంకరమని మా మిత్రుడనగలడా?

అయినను కలిపినంతమాత్రమున పుణ్యము రాదు. 1974లో ఎరిక్ క్లాప్టన్ అను ఆంగ్లగాయకుడు మార్లే పాట నొకదానిని పాడి అమెరికాలో ప్రథమస్థాన మందెను. ఆయనయే 1976లో బర్మింగ్‌హామున కచేరి వేదికపైనుండి, వలసవచ్చినవారికి విరోధియగు ఈనాక్ పవెల్‌ను సమర్థించెను. ఆగ్రహించినవారు 'రాక్ అగెనెస్ట్ రేసిజం' అను ఉద్యమమును స్థాపించి, 1978 ఏప్రిలు 30న లండనులోని విక్టోరియా పార్కున పంకు, రెగ్గే బృందములను ఒక్క వేదిక నెక్కించిరి.

పాట కావలెను, పాటను పుట్టించిన మనుష్యుడు వలదు! ఈ నీతి మనకు క్రొత్తదా? మన ఊరేగింపునకు డప్పు కావలెను. డప్పు వాయించినవాడు మాత్రము భోజనవేళ పందిటి వెలుపల నిలువవలెను. శబ్దమును లోనికి రానిచ్చి మనుష్యుని బయట నుంచు ఈ కపటము కంటె సంకరము వేయిరెట్లు మేలు.

బాడ్ బ్రెయిన్స్ వారును నిర్దోషులు కారు. 1980వ దశకమున స్వలింగప్రేమికులపై వారు చూపిన ద్వేషము వారి పాటకే ద్రోహము. వెలివేయబడినవాడు మరియొకని వెలివేసినచో, దానిని మన్నించుటకు మాకు మనసొప్పదు.

మిత్రునకు మా విన్నపమిది: పాట యే కులమున పుట్టినదని యడుగవలదు. శ్రుతి కుదిరినదా? చెప్పినది సత్యమా? ఎవరినుండి తెచ్చితిమో వారిని మన పంక్తిలో కూర్చుండబెట్టితిమా? ఈ మూడు ప్రశ్నలకును బదులు చెప్పిన పిదప, సంకరమను మాటతో ఆయనకు పనియుండదు.