బండి పట్టిన చేయి

సజ్దాలో అరచేతులు నేలకు ఆనించినప్పుడు కుడి మణికట్టులో సూది గుచ్చినట్లు నొప్పి పుట్టడం మేము మొదట గమనించింది మూడేళ్ళ క్రిందట. చలికాలం, ఫజ్ర్ వేళ. చన్నీళ్ళతో వుజూ చేసినందువల్ల కాబోలు అనుకున్నాము. కొన్నాళ్ళకు రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి మెలకువ రాసాగింది. చేయి విదిలిస్తే కాసేపటికి సర్దుకునేది. ఆ తరువాత పగలు బండి నడుపుతున్నప్పుడు కూడా విదిలించడం అలవాటయింది. ఎవరైనా అడిగితే "ఏమీ లేదు, తిమ్మిరి" అనేవాళ్ళము. ఆ జవాబు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్ళే దారిలో, రహదారి దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే మేము పాఠాలు చెప్పే బడి వస్తుంది. రానుపోను రోజుకు 40 కిలోమీటర్లు. బస్సు రహదారి దాకానే వస్తుంది. అక్కడి నుంచి నడక. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, సరుకులు తేవాలన్నా, రాత్రివేళ ఎవరింట్లోనైనా కష్టం కలిగిందని కబురు వచ్చినా బండి తీయవలసిందే. మన ఇళ్ళలో చాలామందికి బండే బ్రతుకుతెరువు. వెనుక బట్టల మూటలు కట్టుకుని పల్లెలు తిరిగే సోదరులున్నారు, తెల్లవారుజామునే పండ్ల బుట్టలు మోసుకువచ్చేవారున్నారు. చేయి నొప్పి అని వారు ఇంట్లో కూర్చుంటే ఆ రోజు పొయ్యి మీద ఏముంటుంది?

అవసరమని చెప్పుకోవడం సులువు. ఇష్టమని ఒప్పుకోవడానికి మాకు కొంత కాలం పట్టింది. ఉదయం ఏడున్నరకు నల్లరేగడి చేల మధ్య, పత్తి విచ్చుకున్న కాలంలో ఆ దారిన పోవడంలో ఉన్న సుఖం మరెక్కడా లేదు. పన్నెండేళ్ళుగా ఒకే బండి. దాని శబ్దంలో ఏ మార్పు వచ్చినా పసిగట్టే మేము, మా చేతి మాట మాత్రం వినలేదు.

కర్నూలులో చూపించుకున్నప్పుడు వైద్యుడు రెండు చేతుల వీపులనూ ఒకదానికొకటి ఆనించి, మణికట్లు క్రిందికి వంచి ఒక నిమిషం ఉంచమన్నారు. అరనిమిషం గడవకముందే కుడిచేతి వేళ్ళు జిమ్మన్నాయి. మణికట్టు దగ్గర ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉన్న గట్టి పట్టీకీ నడుమ ఒక ఇరుకు మార్గం ఉంటుందనీ, వేళ్ళను ముడిచే నరాలన్నీ దాని గుండానే పోతాయనీ, వాటితోపాటు పోయే స్పర్శనాడి నలుగుతున్నదనీ వివరించారు. దానినే కార్పల్ టన్నెల్ వ్యాధి అంటారు. బొటనవేలి నుంచి ఉంగరపువేలిలో సగం దాకా తిమ్మిరి పట్టడం, చిటికెనవేలికి ఏమీ కాకపోవడం దీని గుర్తు. చిటికెనవేలు మొద్దుబారితే నలుగుతున్నది వేరే నాడి. ఎడమచేతి సంగతి వేరు: బొటనవేలి మొదట్లో కీలు అరిగింది. ఒక చేతికి ఒక జబ్బు, రెండవ చేతికి మరొకటి. చక్కెర పరీక్ష కూడా చేయించారు, ఎందుకంటే మధుమేహం ఉన్నవారిలో ఈ నాడి బాధ ఎక్కువ.

బండి వల్లనే వచ్చిందా అని అడిగాము. అలా తేల్చి చెప్పలేమన్నారు. అయితే హ్యాండిలు అదురు, గట్టిగా బిగించే పట్టు, యాక్సిలరేటరు తిప్పేటప్పుడు మణికట్టు వెనక్కి వంగడం, ఈ మూడూ ఉన్న జబ్బును పెంచగలవన్నారు. సజ్దాలో నొప్పి ఎందుకో అప్పుడు అర్థమయింది. అక్కడ కూడా మణికట్టు వెనక్కే వంగుతుంది, పైగా దాని మీద బరువు పడుతుంది. మా మస్జిద్ ఇమామ్ గారితో చెబితే, శక్తి మేరకే చేయండి, రోగికి ధర్మం సౌలభ్యం ఇచ్చింది కదా అన్నారు. విచిత్రమేమంటే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు కుర్చీ వేసి "సిగ్గెందుకు, కూర్చుని చదవండి" అని చెప్పేది మేమే. మా వరకు వచ్చేసరికి బస్సెక్కడం కూడా పరువు తక్కువగా తోచింది.

వైద్యుడి దగ్గరకు పోయింది మాత్రం మా తెలివి వల్ల కాదు. గత డిసెంబరులో ఎమ్మిగనూరులో బంధువుల వలీమాకు వెళ్ళి, మా అమ్మాయిని వెనుక కూర్చోబెట్టుకుని తిరిగి వస్తున్నాము. మగ్రిబ్ దాటింది. ఎదుటి లారీ వెలుగు తప్పుకునేసరికి, వెనుక దీపం లేని పత్తి ట్రాక్టరు ఒకటి దారి మీదనే ఆగి ఉంది. ముందు బ్రేకు నొక్కాము. నొక్కామనే అనుకున్నాము. వేళ్ళు లీవరు మీద ఉన్నాయో లేవో తెలియలేదు. కాలి బ్రేకు తొక్కితే వెనుక చక్రం జారింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది కాబట్టి బండిని ఆపేది ప్రధానంగా ముందు బ్రేకే. అంటే మొద్దుబారింది కేవలం మా చేయి కాదు, ఆ బండికున్న అసలు బ్రేకు. అల్లాహ్ దయవల్ల ట్రాక్టరుకు మూరెడు దూరంలో ఆగాము.

బండి స్టాండు వేసి నిలబడ్డాక అమ్మాయి అడిగింది: "అబ్బా, చేయి మళ్ళీ మొద్దుబారిందా?"

మళ్ళీ అన్నది. అంటే తనకు మొదటి నుంచీ తెలుసు. వెనుక కూర్చున్నవారికి మనం చేయి విదిలించడం కనిపించదా?

ఇంటికి వచ్చి జరిగినదంతా చెప్పాము. మా శ్రీమతి కేకలు వేయలేదు. పళ్ళెం ముందు పెట్టి, "మీరు పడితే మీరొక్కరే పడతారా? పిల్ల పడదా? ఆ ట్రాక్టరు దగ్గర ఎవరో నిలబడి ఉంటే ఆయన సంగతేమిటి?" అన్నది. నొప్పిని ఓర్చుకోవడం మా ఇష్టమే, ఆ ఓర్పుకు ఇతరుల ప్రాణాలు పందెం కాయడం మా ఇష్టం కాదని ఆ మాటతో తెలిసింది. మూడేళ్ళుగా సహనమని పేరు పెట్టుకున్నదానిలో దాపరికమే ఎక్కువ.

అయినా బండి మానలేదు. దానిని చేతికి తగినట్లు మార్చుకున్నాము. మా మెకానిక్ క్లచ్ లీవరు ఒకసారి నొక్కి చూసి, "మాస్టారూ, గేదెను పలుపుతో లాగినట్లుంది, ఇన్నాళ్ళూ ఎలా నొక్కారు?" అన్నాడు. లోపల కేబులు ఎండిపోయి, పోగులు తెగి ఉంది. కొత్తది వేసి నూనె పోస్తే రెండు వేళ్ళతో నొక్కగలుగుతున్నాము. మూడు వందల రూపాయలు కూడా కాలేదు. ఎడమ బొటనవేలికి మేము వాడిన మందుల ఖరీదు తలచుకుంటే నవ్వు వస్తుంది. లీవర్లు రెండూ పైకి చూస్తుండేవి. మోచేయి నుంచి వేళ్ళ దాకా ఒకే గీతలో ఉండేలా వాటిని కాస్త క్రిందికి త్రిప్పించాము. ఇంజన్‌ను చట్రానికి పట్టి ఉంచే బోల్టులలో ఒకటి వదులయి ఉంది, సగం అదురు దాని వల్లనే. పన్నెండేళ్ళకు రాయిలా గట్టిపడిన రబ్బరు పిడులు తీసి కొంచెం లావుగా, మెత్తగా ఉన్నవి వేయించాము. మరీ లావయితే చేయి చుట్టూ తిరగక అదొక బాధ. షాపులోనే పట్టి చూసుకోవాలి. టైర్లలో గాలి ఎక్కువగా కొట్టించే అలవాటు మాకు ఉండేది, అదీ మానుకున్నాము.

పట్టు మార్చుకోవడమే అన్నింటికన్నా కష్టం. పిచ్చుకపిల్లను పట్టుకున్నట్లు పట్టుకోవాలి, ఎగిరిపోకూడదు, నలగకూడదు. శరీరం బరువు చేతుల మీద వేయకుండా మోకాళ్ళతో ట్యాంకును అదుముకుని నడుము నిటారుగా ఉంచితే అరచేతులకు పని సగం తగ్గుతుంది. ఆగవలసిన చోట క్లచ్ నొక్కి ఉంచకుండా న్యూట్రల్‌లో వేస్తున్నాము. మా బండి 60 దాటితే హ్యాండిలు జుమ్మంటుంది, అందుకని 45 దాటనివ్వడం లేదు. సగం దారిలో ఒక టీకొట్టు ముందు ఐదు నిమిషాలు ఆగుతాము. చలికి వేళ్ళు బిగుసుకుపోతాయి కనుక వుజూకు నీళ్ళు కాస్త వేడి చేసుకుంటున్నాము, బయలుదేరేటప్పుడు చేతితొడుగులు. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుని పడుకుంటే తెల్లవారి తిమ్మిరి చాలా తగ్గింది.

మాత్రల సంగతి ఒక్కమాట. నొప్పి మాత్రలు అడిగినవారికల్లా దుకాణంలో ఇస్తారు. నెలల తరబడి మ్రింగితే కడుపుకూ, మూత్రపిండాలకూ చేటు. నాడి నొప్పికి ఇచ్చే కొన్ని మాత్రలు మత్తు కలిగిస్తాయి. అవి వేసుకుని బండెక్కితే చేతి జబ్బుకు కంటి జబ్బు తోడయినట్లే. మాకు వ్రాసినవి రాత్రి మాత్రమే వేసుకుంటున్నాము, ఉదయం తల బరువుగా ఉంటే బండి తీయడం లేదు.

ఈ బాధ మగవారికంటే స్త్రీలలో ఎక్కువ. రొట్టెల పిండి పిసికే చేతులు, కుట్టుమిషను మీద వంగిన చేతులు, గర్భిణుల చేతులు. థైరాయిడ్ తక్కువైనా రావచ్చు. మన ఇళ్ళలోని ఆడవారు తిమ్మిరి అని ఒకసారి చెప్పి ఊరుకుంటారు, రెండవసారి చెప్పరు. స్కూటీ మీద పిల్లలను బడికి దింపే సోదరీమణులు క్లచ్ లేదు కదా అని నిశ్చింతగా ఉండవద్దు. బ్రేకులు రెండూ చేతుల్లోనే ఉన్నాయి. బొటనవేలి క్రింది కండ పలచబడుతుంటే ఇక ఆలస్యం చేయవద్దని వైద్యుడు మాతో గట్టిగా చెప్పారు.

ప్రస్తుతం మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉంది. ఉదయం చొక్కా గుండీలు మేమే పెట్టుకోవాలి. ఆ తరువాత నిలిపి ఉన్న బండి మీద కూర్చుని ముందు బ్రేకు, క్లచ్ పదేసిసార్లు పూర్తిగా నొక్కి చూడాలి. గుండీ జారినా, లీవరు చివరిదాకా రాకపోయినా ఆ రోజు బస్సే. అమ్మాయిని గాని, అమ్మను గాని వెనుక కూర్చోబెట్టుకోవడం లేదు. చీకటిపడ్డాక నడపడం లేదు. తాళంచెవి మా జేబులో ఉండదు, వంటింటి గోడ మేకుకు ఉంటుంది; అడిగి తీసుకోవాలి. మొదటి వారం ఇది మాకు చిన్నతనంగా ఉండినది. బడి దగ్గర బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచి వస్తుంటే పిల్లలు ఎదురు వచ్చి సంచీ అందుకున్నారు. బండి మీద పోయినన్నాళ్ళూ వారి ఇళ్ళు ఎక్కడో మాకు సరిగా తెలియదు.

గత నెలలో ఇరవై నాలుగు పనిదినాలలో ఏడు రోజులు బస్సులో వెళ్ళాము. వేసవి సెలవులలో కుడిచేతికి శస్త్రచికిత్స. ఆ గట్టి పట్టీని కోసి నాడికి చోటు కల్పిస్తారట, అదే రోజు ఇంటికి పంపుతారట. పట్టు పూర్తిగా రావడానికి కొన్ని వారాలు, ఒక్కొక్కరికి నెలలు కూడా పడుతుందన్నారు. అంతవరకు బండి ఇంటి ముందే ఉంటుంది. వారానికొకసారి ఇంజన్ స్టార్టు చేసి ఉంచే పని అమ్మాయి ఒప్పుకుంది. గేరు మాత్రం వేయనని ముందే చెప్పింది, వాళ్ళమ్మ తాళంచెవి ఇచ్చేది ఆ షరతు మీదనే.