ఒకే కచేరీ, రెండు తీర్పులు

పేరున్న బ్యాండు విడిపోయాక దాని గాయకుడు ఒంటరిగా కచేరీ చేస్తే, హాలు నుంచి బయటికొచ్చే జనం రెండుగా చీలిపోతారు. గొంతు పోయింది, పాత పాటలను పాడుచేశాడు అని కొందరు. ఇన్నేళ్లకు తనదైన పాట పాడాడు అని మరికొందరు. అందరూ ఒకే హాల్లో ఒకే రెండు గంటలు విన్నవాళ్లే. అయినా ఒకరి దృష్టిలో మరొకరు చెవులు లేనివాళ్లు, లేదా పాతలోనే బతికేవాళ్లు. ఇది అభిరుచుల తేడా అని వదిలేయడం తేలిక. కానీ జ్ఞాపకం గురించి, గొంతు గురించి శాస్త్రవేత్తలు తెలుసుకున్నదాన్ని బట్టి చూస్తే, ఇద్దరి మాటా నిజమే. కాకపోతే వాళ్లు రెండు వేర్వేరు విషయాల గురించి నిజం చెబుతున్నారు.

ఇందుకు రాబర్ట్ ప్లాంట్ మంచి ఉదాహరణ. 1968లో ఇంగ్లండ్‌లో ఏర్పడిన లెడ్ జెప్పెలిన్ రాక్ బ్యాండుకు ఆయనే గాయకుడు. ఆ బ్యాండుకు మన దేశంతోనూ చిన్న బంధం ఉంది. 1972లో ప్లాంట్, గిటారిస్టు జిమ్మీ పేజ్ బొంబాయి వచ్చి, ఇక్కడి వాద్యకారులతో కలిసి తమ రెండు పాటలను కొత్తగా రికార్డు చేశారు. అవి 2015లో గానీ అధికారికంగా విడుదల కాలేదు. 1980లో డ్రమ్మర్ జాన్ బొన్‌హామ్ మరణంతో బ్యాండు ముగిసింది. 2007 డిసెంబరు 10న లండన్‌లోని ఓ2 అరీనాలో, బొన్‌హామ్ కుమారుడు డ్రమ్స్ వాయించగా, మిగిలిన ముగ్గురూ ఒక్క రాత్రి కోసం కలిశారు. ఆ కచేరీ టికెట్ల కోసం సుమారు 2 కోట్ల దరఖాస్తులు వచ్చాయని చెబుతారు. ఆ తర్వాత ప్రపంచయాత్ర చేస్తారని అభిమానులు ఎదురుచూశారు. ప్లాంట్ అటు వెళ్లలేదు. అమెరికన్ గాయని అలిసన్ క్రాస్‌తో కలిసి చేసిన ఆల్బమ్ పాటలతో ఊరూరా తిరిగాడు. ఆ ఆల్బమ్‌కు 2009లో గ్రామీ పురస్కారం వచ్చింది. వేదికపై పాత పాటలు పాడినా అదే రూపంలో పాడలేదు. ఒకప్పుడు గిటార్లతో హోరెత్తిన పాటకు బ్యాంజో తోడయి నెమ్మదించింది. మరో బృందంలో, గాంబియా దేశపు కళాకారుడు వాయించే రిట్టి అనే ఒంటితీగ వాద్యం చేరింది. అభిమానుల తగవు ఇక్కడే మొదలవుతుంది.

జ్ఞాపకంలో దాగిన శ్రుతి

పాత పాట మారిపోయిందని బాధపడేవాళ్లను మొండివాళ్లుగా కొట్టిపారేయడం సరికాదు. వాళ్ల జ్ఞాపకం చాలా కచ్చితమైనది. 1994లో డేనియల్ లెవిటిన్ అనే శాస్త్రవేత్త, సంగీతంలో ప్రత్యేక ప్రావీణ్యం ఆధారంగా ఎంపిక చేయని 46 మందిని తమకు బాగా తెలిసిన పాటను జ్ఞాపకం నుంచి పాడమన్నారు. రెండు పాటల్లో కనీసం ఒకదానినైనా సరిగ్గా రికార్డులోని శ్రుతిలోనే అందుకున్నవారు 40 శాతం. రెంటిలోనూ రెండు స్వరస్థానాల తేడా మించనివారు 44 శాతం. రెండేళ్ల తర్వాత ఆయనే పెరీ కుక్‌తో కలిసి లయను పరీక్షించారు. పాడిన వాటిలో 72 శాతం అసలు రికార్డు వేగానికి 8 శాతం లోపు తేడాలోనే ఉన్నాయి.

అంటే వందలసార్లు విన్న పాట శ్రుతీ, వేగమూ సంగీతం నేర్వనివారి మెదడులోనూ ముద్రపడి ఉంటాయి. గాయకుడు రెండు స్వరస్థానాలు దించి పాడితే, ఏం మారిందో చెప్పలేకపోయినా, ఏదో మారిందని శ్రోతకు అనిపించే అవకాశం ఉంది. గొంతు పోయింది అన్న తీర్పు చాలాసార్లు ఈ తేడాకు వెతుక్కున్న పేరు.

దీనికి వయసు కూడా తోడవుతుంది. మనుషులకు తమ కౌమార, యౌవనాల నాటి సంగతులు మిగతా జీవితం కంటే ఎక్కువగా గుర్తుంటాయి. పాటల విషయంలో ఇది మరీ స్పష్టం. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ జరిపిన అధ్యయనంలో, శ్రోతల ఇష్టం తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసున్నప్పుడు వచ్చిన పాటల దగ్గర శిఖరానికి చేరింది. బ్యాండు విడిపోయాక పుట్టినవాళ్లూ పాత పాటే కావాలని అడగడానికి కారణం 2013లో కరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ ప్రచురించిన పరిశోధనలో కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల విద్యార్థులకు తమ కాలపు పాటలతో పాటు, తల్లిదండ్రులు యువకులుగా ఉన్నప్పటి పాటలతోనూ గట్టి అనుబంధం ఉందని వారు గమనించారు. ఇంట్లో మోగిన పాట పిల్లల జ్ఞాపకంలోకీ దిగుతుంది. కచేరీలో అలాంటి శ్రోత అడిగేది పాటను మాత్రమే కాదు, ఆ పాటతో పెనవేసుకున్న ఇంటిని, మనుషులను కూడా.

వయసు గొంతుకు చేసేది

ఇక వేదిక మీదికి వద్దాం. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు కంపిస్తేనే పాట. సెకనుకు 440 సార్లు కంపిస్తే వచ్చే స్వరం, ఒక స్థాయి పైకి వెళ్లాలంటే 880 సార్లు కంపించాలి. అందుకు తంత్రులు సాగి, బిగిసి, పలచబడి, మళ్లీ ఒకదానికొకటి చక్కగా ఆనుకోవాలి. వయసుతో వాటిలోని కండరం సన్నబడుతుంది. అంచులు లోపలికి వంగి, మధ్యలో సందు మిగిలి గాలి జారిపోతుంది. పైపొర సాగే గుణం తగ్గుతుంది, మృదులాస్థి గట్టిపడుతుంది, ఊపిరితిత్తుల సాగుదలా తగ్గుతుంది. విచిత్రమేమిటంటే, ముసలితనంలో మగవారి మాట శ్రుతి కొంచెం పెరగవచ్చు, కానీ పాడగలిగే పై స్వరాల పరిధి కుంచించుకుపోతుంది. సాధన ఈ మార్పులను వాయిదా వేయగలదు, ఆపలేదు.

ప్లాంట్ 1948లో పుట్టాడు. బ్యాండు అత్యంత ప్రసిద్ధమైన ఆల్బమ్ 1971 నవంబరులో వచ్చేసరికి ఆయనకు 23 ఏళ్లు. డెబ్భై దాటిన శరీరాన్ని ఆ ఎత్తుకే ఎక్కమని బలవంతపెడితే తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. వాపు, రక్తస్రావం, బొడిపెలు రావచ్చు. కాబట్టి శ్రుతి దించడం, పాటను కొత్తగా కూర్చుకోవడం తప్పించుకునే మార్గాలు కావు. ఇప్పుడున్న గొంతుతో నిజాయితీగా పాడటానికి అవి తప్పనిసరి.

ఎదురుచూపు, ఆశ్చర్యం

మరి మారిన పాటను ఆనందించేవాళ్ల సంగతి? వాళ్లు గాయకుడి మీద అభిమానంతో సర్దుకుపోతున్నారని అవతలి వర్గం అనుమానం. అదీ పూర్తిగా నిజం కాదు. 2011లో వలోరీ సలింపూర్ బృందం కెనడాలో చేసిన ప్రయోగంలో, ఇష్టమైన సంగీతం ఒళ్లు జలదరింపజేసే క్షణానికి ముందు, ఎదురుచూసే సమయంలోనే మెదడులోని ఒక భాగంలో డోపమైన్ విడుదలైంది. ఆ క్షణం వచ్చినప్పుడు మరో భాగంలో విడుదలైంది. ఎదురుచూపుకు ఒక ఆనందం, అందుకోవడానికి ఇంకొక ఆనందం. 2019లో విన్సెంట్ చియుంగ్ బృందం పాప్ పాటల స్వరమేళనాలను, అంటే గిటారుపై ఒకేసారి మోగే స్వరాల గుంపులను, పరిశీలించింది. ఏం వస్తుందో గట్టిగా తెలిసిందనుకున్నప్పుడు అనుకోనిది వస్తే శ్రోతకు ఎక్కువ హాయి కలిగింది. ఏం వస్తుందో తోచనప్పుడు ఊహకు అందేది వచ్చినా అంతే.

కచేరీ శ్రోతలను ఈ వెలుగులో చూడవచ్చు. ఒకరు రికార్డులోని ఫలానా అరుపు కోసం ఎదురుచూస్తారు. అది రాకపోతే ఎదురుచూపు వృథా. ఇంకొకరు గాయకుడి ఒంటరి ఆల్బమ్‌లు వింటూ వచ్చారు. ఈయన మారుస్తాడు అన్నదే వాళ్లకు తెలిసిన సంగతి. తెలిసిన పాట తెలియని దారిలో వచ్చి చేరితే వాళ్లకు అదే బహుమతి. హాలు ఒకటే, అంచనాలు రెండు.

ఆ పైన వర్గ భావన. 1954లో ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ ప్రచురించిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధం. డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య గొడవలతో సాగిన ఫుట్‌బాల్ మ్యాచ్ ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు చూపించారు. డార్ట్‌మత్ ఆటగాళ్లు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ వారికి, డార్ట్‌మత్ వారికి కనిపించిన వాటికంటే రెట్టింపుకు పైగా కనిపించాయి. ఫిల్ము ఒకటే. ఎవరూ అబద్ధమాడలేదు. బ్యాండు అభిమానులు, గాయకుడి అభిమానులు అని చీలిన చోట కూడా చూపు అలాగే చీలితే ఆశ్చర్యం లేదు.

రికార్డు మూలం కాని చోట

ఈ తగవు ఎంతవరకు మనిషి స్వభావం, ఎంతవరకు రికార్డు నేర్పిన అలవాటు? జవాబు తెలుగువారికి దగ్గరలోనే ఉంది. త్యాగరాజస్వామి 1847లో కన్నుమూశారు. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగు మొదలైంది 1902లో. ఆయన కృతికి అసలు రికార్డు అంటూ ఏదీ లేదు. గురువు నుంచి శిష్యుడికి వచ్చిన పాఠాంతరాలున్నాయి, ఒక్కో బాణీకి ఒక్కో వరుస సంగతులున్నాయి. ఎవరి శ్రుతి వారిదే. ఒకటిన్నర శ్రుతిలో పాడిన విద్వాంసుడు వయసు మీదపడ్డాక ఒకటికి దిగితే, శ్రోతలు దాన్ని ద్రోహమనుకోరు. అదే శ్రోత మరుసటి రోజు సినీ సంగీత విభావరికి వెళితే, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వేణువు బిట్టు కూడా రికార్డులో ఉన్నట్టే ఉండాలంటాడు. మెదడు ఒకటే. ఒకచోట పాట మూలం సంప్రదాయం, మరోచోట మూలం రికార్డు.

రికార్డును మూలంగా చేసుకోవడం తప్పు కాదు. స్టూడియోలో పుట్టిన పాటకు స్టూడియో రూపమే తొలి రూపం. కానీ వేదిక మీద దాన్నే శాసనంగా మారిస్తే మూల్యం చెల్లించాలి. రికార్డులా పాడి తీరాలని పట్టుబడితే గాయకుడికి రెండే దారులు మిగులుతాయి. గొంతు చించుకోవాలి, లేదా ముందే రికార్డు చేసిన గొంతును మోగించి పెదవులు కదపాలి. పెద్ద వేదికలపై రెండో దారి కొత్తేమీ కాదు. అప్పుడు ఇంట్లో దాదాపు ఉచితంగా దొరికేదాన్నే శ్రోత వేల రూపాయలు పోసి కొన్నట్టవుతుంది.

గాయకుడి పక్షానికీ ఒక బాధ్యత ఉంది. పోస్టరు మీద పాత బ్యాండు పేరు పెద్ద అక్షరాల్లో వేసి, పాత పాటల ఆశ చూపి టికెట్లు అమ్మి, లోపల వేరే సంగీతం వినిపిస్తే శ్రోత కోపం న్యాయమైనదే. అతని మెదడులో అంచనాను నాటినది ఆ పోస్టరే. కొత్త కూర్పులు ఉంటాయని, పాత పాటలు కొన్నే ఉంటాయని ముందుగా చెప్పడానికి ఖర్చేమీ లేదు. చెబితే అంచనా మారుతుంది, అంచనా మారితే వినికిడీ మారుతుంది.

2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో క్యాన్సర్ సహాయనిధి కోసం జరిగిన ఒక కార్యక్రమంలో, ప్లాంట్ తన బ్యాండు అత్యంత ప్రసిద్ధ గీతాన్ని 16 ఏళ్ల తర్వాత పాడాడు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. ఆ వీడియోలో 1971 నాటి గొంతును వెతికితే అది దొరకదు. అది ఇప్పటికీ రికార్డులో భద్రంగా ఉంది, ఎవరూ దాన్ని పాడుచేయలేరు. వేదిక మీద దొరికేది 75 ఏళ్ల మనిషి తన యౌవనపు పాటను ఇప్పుడెలా అర్థం చేసుకున్నాడన్నది. అది నచ్చకపోవడానికి శ్రోతకు పూర్తి హక్కుంది. అయితే తాను తీర్పు చెబుతున్నది ఎదుట ఉన్న గొంతు మీదనా, తన జ్ఞాపకంలో ఉన్న గొంతు మీదనా అని ఒక్కసారి తరచి చూసుకుంటే, పక్క సీటులో చప్పట్లు కొడుతున్నవాడు మూర్ఖుడిలా కనిపించడు.