కాఫీ మంచిదా, చెడ్డదా? ముందు రక్తం సంగతి చూద్దాం



కాఫీ తాగితే ఆయుష్షు పెరుగుతుందని ఒకరోజు, కాన్సర్ వస్తుందని మరొకరోజు పేపర్లలో చదువుతున్నాం. ఏది నమ్మాలని మా ఓపీకి వచ్చేవారు అడుగుతున్నారు. మా అభిప్రాయం చెబుతాము.

1981లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కాఫీకి, క్లోమగ్రంథి కాన్సర్‌కు సంబంధం ఉండవచ్చన్నారు. తరువాతి పరిశోధనల్లో అది రుజువు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం 1991లో కాఫీని అనుమానపు జాబితాలో పెట్టి, 2016లో తీసివేసింది. అయితే 65 డిగ్రీలకు మించిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహిక కాన్సర్‌కు దారితీయవచ్చని అప్పుడే హెచ్చరించింది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద సమీక్ష, రోజుకు మూడు నాలుగు కప్పులు తాగేవారిలో గుండె జబ్బులు, కాలేయ జబ్బులు తక్కువగా కనిపించాయని చెప్పింది. ఆ మేలు కాఫీ వల్లనే కలిగిందని మాత్రం అది తేల్చలేదు. గర్భిణులు ఎక్కువగా తాగితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం కనిపించిందని కూడా అదే సమీక్ష చెప్పింది. ఈ రెండో మాట పేపర్లలో అంతగా కనబడదు.

ఆ పరిశోధనలు ఎక్కువగా కడుపునిండా తినే దేశాల్లో జరిగినవి. మన ఆదిలాబాద్ పల్లెల్లో కాఫీ కన్నా చాయ్ ఎక్కువ. పత్తి ఏరడానికి పొద్దున్నే వెళ్లే అక్కచెల్లెళ్లకు చాలాసార్లు ఒక కప్పు చాయే నాష్తా. చాయ్ ఆకలిని కప్పిపెడుతుందే గాని కడుపు నింపదు. కాబట్టి మన ప్రశ్న ఆయుష్షు గురించి కాదు, రక్తం గురించి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరల్లో ఉండే ఇనుమును శరీరం తేలికగా గ్రహించలేదు. చాయ్, కాఫీల్లోని వగరు పదార్థాలు ఆ కొద్దిపాటి ఇనుమును కూడా పేగుల్లోనే పట్టి ఉంచుతాయి. 1983లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, భోజనంతో కాఫీ తాగితే ఇనుము గ్రహించడం 39 శాతం, టీ తాగితే 64 శాతం తగ్గింది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీతో నష్టం కనబడలేదు. గంట తరువాత తాగినప్పుడు మాత్రం భోజనంతో తాగినంత నష్టమే కలిగింది.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు వద్దని చెప్పింది. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదని కూడా చెప్పింది. పై పరీక్షను బట్టి, తిన్న తరువాత రెండు గంటలు ఆగితే ఇంకా మంచిదని మేమంటాము.

ఉచితంగా ఇచ్చిన ఐరన్ మాత్రను చాయ్‌తో మింగి, "మాత్రలు పనిచేయడం లేదు" అని మానేసే తల్లులున్నారు. ఆ మాత్రను నీళ్లతోనే వేసుకోండి. భోజనంలో నిమ్మకాయ పిండుకోండి, ఉసిరికాయ తినండి, వాటితో ఇనుము బాగా ఒంటబడుతుంది. పసిపిల్లలకు చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు పూర్తిగా మానాలి. గర్భిణులు రోజుకు ఒకటి రెండు చిన్న కప్పులతో సరిపెట్టుకోవాలి.

గోండు తదితర గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది. వారిలో రక్తం తగ్గడానికి కారణం వేరు. కాబట్టి వారు రక్తపరీక్ష చేయించుకోకుండా ఐరన్ మాత్రలు సొంతంగా వాడరాదు.

చాయ్ పాపమని మేము అనడం లేదు. అలసిన మనిషికి అది ఊరటే. కాని చాయ్ పోసే చేతులు ముందు ఒక రొట్టె పెట్టాలి. స్త్రీల సమాజం కూడికల్లో చాయ్‌కు బదులు వేయించిన పల్లీలు, బెల్లం, నిమ్మరసం పెడితే ఖర్చు పెద్దగా పెరగదు, మేలు మాత్రం ఎక్కువ. సంఘ పెద్దలు ఈ మాట ఆలోచించాలని మనవి.

దేవుడిచ్చిన ఆరోగ్యాన్ని కాపాడుకొనుటకు ఆయనే మీ కుటుంబాలకు తోడై యుండును గాక.