గసాల పొట్లం వెనక కాందహార్

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్... ఈ ప్రాంతాల్లో దుబాయ్‌కి వెళ్లేవాడి పెట్టె సర్దడమంటే ఇంటిల్లిపాదికీ పనే. మామిడికాయ తొక్కు డబ్బాకు మూత బిగించి పైన ప్లాస్టర్ చుట్టాలి. సకినాలు విరిగిపోకుండా బట్టల మధ్య పెట్టాలి. కారంపొడి, ధనియాల పొడి, గరం మసాలా, వాటితో పాటు మటన్ కూరలోకి ఓ వంద గ్రాముల గసాలు. రెండేళ్లదాకా ఇంటి ముఖం చూడని కొడుకు సెలవు రోజునైనా ఇంటి కూర రుచి చూడాలన్నది తల్లి ఆశ. తీరా అక్కడి విమానాశ్రయంలో ప్రాణం మీదికి తెచ్చేది తొక్కు కాదు, ఆ గసాలే! యుఏఈలోనూ సౌదీలోనూ గసగసాలు నిషిద్ధం. మన కిరాణా కొట్లో జీలకర్ర పక్క డబ్బాలో ఉండే సరుకు అక్కడ మత్తుమందుల లెక్కలోకి వస్తుంది.

చోద్యంగా అనిపించినా కారణం లేకపోలేదు. గసాల మొక్క, నల్లమందు మొక్క రెండూ ఒకటే. కాయ పచ్చిగా ఉన్నప్పుడు గాటు పెడితే కారే పాలు గడ్డకడితే నల్లమందు. దాన్నుంచి మార్ఫిన్, మార్ఫిన్ నుంచి హెరాయిన్. కాయ ఎండాక రాలే గింజలే గసాలు. వాటిలో మత్తు లేనట్టే. కానీ ఆ పాల మరకలు అంటుకుని ఉంటే, తిన్నవాళ్ల మూత్ర పరీక్షలో మార్ఫిన్ జాడ కనిపించే అవకాశం ఉంది. మనం కొనే గసాలు కొన్ని మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కేంద్ర ప్రభుత్వ లైసెన్సుతో పండేవి, మరికొన్ని టర్కీ లాంటి దేశాల నుంచి దిగుమతయ్యేవి. గల్ఫ్ అధికారులకు ఆ తేడాతో పనిలేదు. వాళ్ల భయానికి భూగోళం కూడా ఓ కారణం. దుబాయ్‌కి ఎదురుగా, సముద్రానికి ఆవలి ఒడ్డున ఇరాన్. ఇరాన్‌కి ఆ పక్కన అఫ్ఘానిస్థాన్. 2022 దాకా ప్రపంచంలోని నల్లమందులో దాదాపు 80 శాతం ఆ ఒక్క దేశానిదే.

అక్కడి రైతు నల్లమందునే ఎందుకు పట్టుకు వేలాడాడు? 1979లో సోవియట్ సేనలు దిగినప్పటి నుంచి ఆ దేశానికి యుద్ధం తప్ప మరొకటి తెలియదు. తోటలు పోయాయి, కాలువలు పూడిపోయాయి, రోడ్లు గుంతలయ్యాయి. కాందహార్ దానిమ్మకు ఎంత పేరున్నా సరిహద్దు దగ్గర లారీ నాలుగు రోజులు ఆగిపోతే పండు కుళ్లిపోతుంది. నల్లమందు ముద్దకు ఆ బాధ లేదు. గుడ్డలో చుట్టి దాచిపెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. కూతురి పెళ్లికో, జబ్బుకో కాస్త తీసి అమ్ముకోవచ్చు. బ్యాంకు లేనిచోట అదే బ్యాంకు.

పైగా అప్పు. ‘సలామ్’ అని అక్కడో పద్ధతి ఉంది. పంట చేతికి రాకముందే వ్యాపారి డబ్బిస్తాడు. కోతలప్పుడు సరుకు రూపంలో వసూలు చేసుకుంటాడు. ధర మాత్రం అప్పిచ్చిన రోజునే ఖాయమైపోతుంది. చాలాసార్లు అది బజారు ధరలో సగం కూడా ఉండదు. ఆదిలాబాద్ పత్తి రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. విత్తనాలు, ఎరువులు అప్పుకిచ్చిన దుకాణదారు కాంటా దగ్గరికే పత్తి బండి తోలాల్సి రావడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు బాగా తెలుసు. ఒక్కటే తేడా. పత్తికి ఎవరూ అప్పివ్వకపోతే ఏ కందులో సోయానో వేసుకోవచ్చు. హెల్మండ్ రైతుకు చాలా ఏళ్లపాటు నల్లమందు మీద తప్ప అప్పు పుట్టడమే గగనమైంది.

ఈ పంటను మాన్పించడానికి ప్రపంచం చేయని ప్రయత్నం లేదు. 2002లో ఆ బాధ్యతను బ్రిటన్ తలకెత్తుకుంది. పైరు దున్నేస్తే పరిహారం ఇస్తామంది. పరిహారం వస్తుందని తెలిశాక, అంతకుముందు వేయనివాళ్లు కూడా మరుసటి ఏడాది గసాలు చల్లారు! తర్వాత అమెరికా రంగంలోకి దిగింది. 2002 నుంచి 2017 వరకు ఈ ఒక్క పనికే దాదాపు 860 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. ట్రాక్టర్లతో పైర్లు దున్నించింది, గోధుమ విత్తనాలు పంచింది. 2017 చివర్లో ‘ఐరన్ టెంపెస్ట్’ పేరిట హెరాయిన్ తయారీ స్థావరాలపై బాంబులు వేసింది. కోట్ల డాలర్ల ఎఫ్-22 యుద్ధవిమానాలు వెళ్లి కూల్చినవాటిలో ఎక్కువ భాగం నాలుగు పీపాలు, ఓ పొయ్యి ఉన్న మట్టి గుడిసెలే. ఏడాది దాటాక ఆ పని మానుకున్నారు. ఇంత జరిగినా 2017లో 3,28,000 హెక్టార్లలో పంట వేశారు, 9,000 టన్నుల నల్లమందు దిగుబడి వచ్చింది. అంతకుముందెన్నడూ అంత పండలేదు.

ఇందులో ఓ విచిత్రం. హెల్మండ్‌లో ఆ పొలాలకు నీరందించే కజాకీ ఆనకట్ట 1950లలో అమెరికా సాయంతో, అమెరికా కంపెనీ కట్టిందే. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లకు కరీంనగర్ పొలాలు పచ్చబడినట్టే అక్కడా పచ్చబడ్డాయి. ఏ పంటతో అన్నదే తేడా.

చివరికి పంట ఆపింది తాలిబన్లే. వాళ్లు మొదటిసారి 2000 జులైలో నిషేధం విధించారు. 82,000 హెక్టార్ల సాగు మరుసటి ఏడాదికి 8,000కు పడిపోయింది. 2021 ఆగస్టులో మళ్లీ గద్దెనెక్కాక, 2022 ఏప్రిల్‌లో రెండోసారి నిషేధించారు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం లెక్కల ప్రకారం 2022లో 2,33,000 హెక్టార్లున్న సాగు 2023లో 10,800కు దిగింది. దిగుబడి 6,200 టన్నుల నుంచి 333 టన్నులకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో కాని పని ఒక్క హుకుంతో అయిపోయిందని చప్పట్లు కొట్టేముందు మరో లెక్క చూడాలి. పంట అమ్మకంతో రైతులకు 2022లో 136 కోట్ల డాలర్లు వస్తే, 2023లో వచ్చింది 11 కోట్లే. అదే సమయంలో, అంతకుముందు కిలో వంద డాలర్ల చుట్టూ ఉండే నల్లమందు ధర ఎన్నో రెట్లు పెరిగింది. పాత సరుకు గోదాముల్లో దాచుకున్న పెద్ద వ్యాపారి పంట పండింది. సలామ్ అప్పు తీరని చిన్న రైతు మునిగిపోయాడు. నిషేధాలు, దున్నివేతల కాలంలో అప్పు కింద ఆడపిల్లలను అప్పులవాళ్ల ఇళ్లకు పెళ్లి చేసి పంపిన కుటుంబాల గురించి ఆ దేశం నుంచి ఎన్నో కథనాలు వచ్చాయి. 2023లో నల్లమందు ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం 1,080 టన్నులతో మయన్మార్‌కి వెళ్లింది. అక్కడా యుద్ధమే.

పొలం దగ్గర పని జరగనప్పుడు దారిలో పట్టుకోవాలి. ఆ దిశగా 1961, 1988 నాటి అంతర్జాతీయ ఒప్పందాలున్నాయి. 2003లో 50కి పైగా దేశాలు కలిసి ‘పారిస్ ఒడంబడిక’ చేసుకున్నాయి. వీటిలో అందరూ తేలిగ్గా తీసుకునేదీ, నిజానికి పనికొచ్చేదీ ఒకటుంది. నల్లమందు హెరాయిన్ కావాలంటే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే రసాయనం కావాలి. అఫ్ఘానిస్థాన్‌లో అది తయారుకాదు, బయటి నుంచి దొంగతనంగా రావాల్సిందే. మందుల పరిశ్రమ ఉన్న దేశాల్లోనే దొరుకుతుంది. మన దేశంలోనూ దానిపై నియంత్రణ ఉంది. వేలాది పొలాల వెంట పడేకంటే ఆ పీపాల వెంట పడటం సులువు. అయితే పొలం పేదవాడిది, పీపా కంపెనీది. సైన్యాలు ఎక్కువగా ఎటు వెళ్లాయో చూశాం.

అఫ్ఘాన్ సరుకు బయటికి పోయే దారులు మూడు. మధ్య ఆసియా మీదుగా రష్యాకు ఒకటి, ఇరాన్, టర్కీల మీదుగా యూరప్‌కి ఒకటి, సముద్రం మీదుగా ఒకటి. ఇరాన్ తన సరిహద్దులో గోడలు కట్టింది, కందకాలు తవ్వింది. ఈ పోరులో 1979 నుంచి తమ జవాన్లు మూడు వేల మందికి పైగా చనిపోయారని చెబుతుంది. మూడోదైన సముద్రపు దారి మక్రాన్ తీరంలో మొదలవుతుంది. చిన్న చిన్న ధో పడవల్లో సరుకు అరేబియా సముద్రంలోకి వస్తుంది. బహ్రెయిన్ కేంద్రంగా పలు దేశాల నౌకాదళాలు కలిసి నడిపే దళం ఒకటి వాటిని పట్టుకుంటుంది. ఆ తర్వాత జరిగేది వింటే ఆశ్చర్యమేస్తుంది. సరుకును నాశనం చేస్తారు, పడవ మనుషులను చాలాసార్లు వదిలేస్తారు! నడిసముద్రంలో దొరికినవాణ్ని ఏ దేశం కోర్టులో నిలబెట్టాలన్నది తేలకపోవడమే కారణం.

ఆ దారి మన గడప దాకా కూడా వచ్చింది. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా ఓడరేవులో డీఆర్‌ఐ అధికారులు రెండు కంటైనర్లు తెరిపించారు. కాగితాల్లో రాసింది టాల్క్ రాళ్లని. బస్తాల్లో పైన రాళ్లు, అడుగున హెరాయిన్. మొత్తం 2,988 కిలోలు, విలువ 21,000 కోట్ల రూపాయలని అంచనా. కాందహార్‌లో బయల్దేరి, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ రేవులో ఓడెక్కిన ఆ సరుకు ఎవరి పేరిట వచ్చిందో తెలుసా? విజయవాడ సత్యనారాయణపురంలోని ఓ ఇంటి చిరునామాతో నమోదైన ట్రేడింగ్ కంపెనీ పేరిట! కంపెనీ నడిపేవాళ్లు ఉండేది చెన్నైలో. బెజవాడలో ఉన్నది చిరునామా మాత్రమేనని పోలీసులు చెప్పారు. 2021 అక్టోబరులో కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. కాందహార్ వ్యాపారికి కావలసింది గోదాము కాదు, మనిషి కాదు. కాగితం మీద పేరు.

పెద్దవాళ్లు కాగితం మీద పేరు అద్దెకు తీసుకుంటే, చిన్నవాళ్లు పక్కవాడి పెట్టెలో చోటు అడుగుతారు. ‘తమ్మీ, ఎట్లనో దుబాయ్ వోతున్నవ్ గదా, మా పోరనికి ఈ పొట్లం జర ఇయ్యరాదూ’ అంటే కాదనడానికి మన ఊళ్లలో నోరు రాదు. రేపు తన ఇంటినుంచి పచ్చడి డబ్బా తేవాల్సింది వాళ్లేనాయె. ఆ మొగమాటాన్నే వాడుకునేవాళ్లున్నారు. చట్టం మాత్రం మొగమాటం ఎరగదు. పెట్టె ఎవరిదో సరుకు వాళ్లదే. లోపల ఏముందో తెలియదన్న మాటను రుజువు చేసుకోవడం, అదీ అరబ్బీలో నడిచే కోర్టులో, సెంట్రింగ్ పనికి వెళ్లినవాడి తరమా? టన్ను సరుకుతో ధోలో దొరికినవాడు ఇల్లు చేరతాడు. పొట్లంతో దొరికినవాడు జైలుకు పోతాడు. యుఏఈ 1995 నాటి కఠిన చట్టం స్థానంలో 2021లో కొత్తది తెచ్చి మొదటిసారి వాడినవాళ్ల విషయంలో కొంత మెత్తబడింది. రవాణా చేసేవాళ్లపై మాత్రం కాదు. సౌదీ కొంతకాలం ఆపిన మరణశిక్షలను మాదకద్రవ్యాల కేసుల్లో 2022 నవంబరు నుంచి మళ్లీ అమలుచేస్తోంది.

పొట్లం తీసుకోక తప్పకపోతే ఇచ్చినవాళ్ల ముందే విప్పాలి. కుట్టిన కుట్టు విప్పి, డబ్బా కుమ్మరించి, మళ్లీ సర్దుకోవాలి. నిజమైన బంధువైతే ఏమీ అనుకోడు. గసాలు ఇంట్లోనే వదిలేయాలి. జీడిపప్పు, కొబ్బరితోనూ కూర చిక్కబడుతుంది. వీటికంటే ఎక్కువమంది మరిచిపోయేది మందుబిళ్లలను. నడుము నొప్పికని వాడే ట్రమడాల్, దగ్గు సిరప్‌లో ఉండే కొడీన్ రెండూ అక్కడ నియంత్రిత జాబితాలోవే. కొడీన్ పుట్టిందే నల్లమందులోంచి. ట్రమడాల్‌ను మన దేశం కూడా 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది. తప్పనిసరిగా వాడాల్సినవాళ్లు డాక్టరు చీటీతో పాటు, యుఏఈ అధికారుల నుంచి ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుని వెళ్లాలి.

శిక్ష పడిపోయినవాళ్లకు మిగిలే దారుల్లో ఒకటి ఉంది. ఖైదీల మార్పిడిపై భారత్, యుఏఈల మధ్య 2011లో ఒప్పందం కుదిరింది. అప్పీళ్లన్నీ ముగిశాక, ఖైదీ కోరితే, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే మిగిలిన శిక్షను ఇక్కడి జైల్లో గడపొచ్చు. ములాఖత్‌కు తల్లి బస్సులో వెళ్లి రావచ్చు.