విద్యుత్ గ్రిడ్‌పై గణితం: లక్ష్యాన్ని నిర్ణయించేదెవరు?

న్యూఢిల్లీ: దేశంలో గరిష్ఠ విద్యుత్ డిమాండ్ 2024 మే 30న 250 గిగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. అంతటి డిమాండ్‌ను తీర్చడానికి ఏ కేంద్రం ఎంత ఉత్పత్తి చేయాలన్నది నేడు కేవలం అనుభవంతో తేలేది కాదు. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలుగా విభజించి, ఒక్కో భాగానికి ఉత్పత్తి ప్రణాళిక రూపొందిస్తారు.

గతంలో ప్రతి రాష్ట్రమూ తనకు ఒప్పందాలున్న కేంద్రాల్లో చౌకైనదాన్ని ముందుగా ఎంచుకునేది. దాంతో ఒకచోట చౌక విద్యుత్ వాడకుండా మిగిలిపోగా, మరోచోట ఖరీదైన కేంద్రం నడిచేది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశాలతో 2019 ఏప్రిల్‌లో అంతర్రాష్ట్ర థర్మల్ కేంద్రాలకు ప్రయోగాత్మకంగా ప్రారంభమైన ఎస్‌సీఈడీ విధానం ఈ లెక్కలన్నింటినీ ఒక్కటి చేసింది. ఉదాహరణకు, యూనిట్‌కు 2 రూపాయల ఇంధన వ్యయమయ్యే కేంద్రంలో 100 మెగావాట్లు పెంచి, 4 రూపాయలయ్యే కేంద్రంలో అంతే తగ్గిస్తే గంటకు 2 లక్షల రూపాయలు ఆదా అవుతాయి.

అయితే బొగ్గు యూనిట్ ఉత్పత్తిని నిర్దేశిత కనీస స్థాయికన్నా తగ్గించరాదు, ఒక్కసారిగా పెంచలేరు, లైన్ల సామర్థ్యమూ మించరాదు. ఇన్ని పరిమితుల నడుమ కనిష్ఠ వ్యయాన్ని వెతికే శాస్త్రమే లీనియర్ ప్రోగ్రామింగ్. జార్జ్ డాంట్‌జిగ్ 1947లో రూపొందించిన సింప్లెక్స్ పద్ధతి దీనికి బాట వేసింది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన భారతీయ గణితవేత్త నరేంద్ర కర్మార్కర్ 1984లో ప్రకటించిన పద్ధతి భారీ సమస్యల పరిష్కారానికి కొత్త దారి చూపింది.

ఈ లెక్క మరో మేలూ చేస్తుంది. ఏ పరిమితిని కొద్దిగా సడలిస్తే ఎంత ఆదా అవుతుందో చెబుతుంది. అంటే కొత్త లైను ఎక్కడ అవసరమో సూచిస్తుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైను దక్షిణాది గ్రిడ్‌ను జాతీయ గ్రిడ్‌తో కలిపింది. తెలుగు రాష్ట్రాలకు ఉత్తరాది విద్యుత్ ఎంత అందుతుందన్నది నేటికీ ఇలాంటి లైన్ల సామర్థ్యంపైనే ఆధారపడి ఉంటుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. కంప్యూటర్ తనకు అప్పగించిన లక్ష్యాన్నే సాధిస్తుంది. ఇంధన వ్యయం తగ్గించమంటే దాన్నే తగ్గిస్తుంది. పొగ వల్ల ప్రజారోగ్యానికి కలిగే నష్టం, వాడిన నీరు లెక్కలో చేర్చకపోతే వాటి విలువ సున్నాయే. ఏది చేర్చాలి, మిగిలిన సొమ్ము ఎవరికి చెందాలి అన్నవి విధాన నిర్ణయాలు. వాటిపై బహిరంగ చర్చ జరగాలి. సాంకేతిక అంశమన్న పేరుతో ఆ బాధ్యతను యంత్రానికి వదిలేయడం తగదు.